కొట్టంలో పుట్టిన తాబేళ్లు

కారంపూడికి కోసెడు దూరంలో, నాగులేటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ముగ్గురు చెన్నమ్మలుండేవాళ్లు. మాచర్ల చెన్నకేశవస్వామికి మొక్కుకుని కన్న ఆడపిల్లకు ఆ పేరు పెట్టడం ఆ చుట్టుపక్కల మామూలే. గుర్తు కోసం ఒకామెను రంగులిల్లు చెన్నమ్మ అనీ, ఒకామెను చెవిటి చెన్నమ్మ అనీ, ఈమెను ఎడ్ల చెన్నమ్మ అనీ పిలిచేవాళ్లు. ఊరి మోతుబరి వెంకటప్పయ్యగారి పందెపు ఎడ్లకు దాణా పెట్టేది ఈమే. మొగుడు అంకారావు ఆ ఎడ్లనే తిరునాళ్లలో బండలాగుడు పందేలకు తోలేవాడు. ఇద్దరు కొడుకులు పెళ్లిళ్లు చేసుకుని పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి కుదిరారు. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్లాలే కానీ, వాళ్లు ఇంట్లో ఉన్నదానికంటే వెంకటప్పయ్యగారి కొట్టంలో ఉన్నదే ఎక్కువ.

చెన్నమ్మకు పనిలో చాదస్తం జాస్తి. ఉలవలు తనే ఏరేది, తనే ఉడకేసేది. పత్తిగింజలు రుబ్బితే చేత్తో పిండి చూసి గానీ తొట్లో వెయ్యనిచ్చేది కాదు. ఎడ్లు తిన్నాకే తను తినేది. ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. కన్నకొడుకులకు కూడా ఇంత చేసి ఉండదని తోడికోడలు మొహం మీదే అనేది. చెన్నమ్మ పట్టించుకునేది కాదు. నోరులేని జీవానికి కడుపు నొప్పొస్తే చెప్పుకోలేదు కదా, పెట్టేవాళ్లే చూసుకోవాలి అనేది.

ఎనభై రెండో ఎనభై మూడో సంవత్సరం మాచర్ల తిరునాళ్లలో వెంకటప్పయ్యగారి జత వెంట్రుకవాసిలో ఓడిపోయింది. గెలిచింది పెదకూరపాడు వైపు నుంచి వచ్చిన జత. ఓడినవాడి చెవికి అన్ని మాటలూ నిజంగానే వినపడతాయి. గెలిచిన ఎడ్లకు సముద్రపు తాబేలు గుడ్లు తాగించారట, అందుకే ఆ ఊపట అని ఎవరో అన్నారు. వెంకటప్పయ్యగారు ఏడాది పొడుగునా ఆ మాట మనసులో పెట్టుకున్నారు. మళ్లీ చలి వెనక్కి తగ్గేసరికి ఫరీద్‌ను పిలిపించారు.

ఫరీద్‌ది మాచర్ల. నాపరాళ్ల లారీ తోలేవాడు. క్వారీలో పలకలు ఎత్తించుకుని కారంపూడి, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాలకు చేరేసేవాడు. చీరాల దాకా పోయేవాడికి సముద్రం ఒడ్డునున్న వాడరేవు ఎంత దూరం? అక్కడ పల్లెకారుల ఆడవాళ్లు ఆ గుడ్లు అమ్ముతారని తనకు తెలుసన్నాడు. ఆ వారంలోనే తడి ఇసకలో పేర్చిన గుడ్లతో ఒక వెదురు గంప కొట్టంలో దించాడు.

అవి గుడ్లంటే చెన్నమ్మ మొదట నమ్మలేదు. తెల్లగా, గుండ్రంగా, నిమ్మకాయంత ఉన్నాయి. కోడిగుడ్డులా టక్కున పగలవు. తోలు తిత్తిలా మెత్తగా ఉండి, నొక్కితే గుంట పడతాయి. గోటితో చీల్చి సొన ముంతలోకి పిండాలి. దాంట్లో బెల్లం, నువ్వులనూనె కలిపి వెదురు గొట్టంతో ఎడ్ల గొంతులో పోసేవాళ్లు. అంకారావు మూతి ఎత్తి పట్టుకునేవాడు, చెన్నమ్మ పోసేది. రెండు గంపలు అట్లాగే అయిపోయాయి. ఎడ్ల ఒళ్లు నిగనిగలాడుతోందని వెంకటప్పయ్యగారు మురిసిపోయారు. చెన్నమ్మకు మాత్రం ఏ తేడా కనిపించలేదు. చెయ్యి కడుక్కున్నా నీచువాసన పోయేది కాదు. పైవాళ్లు చెప్పిన పని, చేసింది.

మూడో గంప ఫాల్గుణంలో వచ్చింది. ఆ పొద్దున చెన్నమ్మ ముంత ముందు పెట్టుకుని కూర్చుని మొదటి గుడ్డు చీల్చింది. సొన కారలేదు. గుడ్డు బరువుగా ఉంది. కుళ్లిందేమో అనుకుని ఇంకాస్త చీల్చి అరచేతిలోకి వంపుకుంది.

అరచేతిలో ఒక పిల్ల పడింది.

నల్లగా, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంది. వీపు మీద చిప్ప ఇంకా మెత్తగానే ఉంది. పొట్ట కింద పచ్చసొన ఇంకా సంచిలా వేలాడుతోంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. తెడ్డుల్లాంటి ముందు కాళ్లు మాత్రం రెండుసార్లు ఈదినట్టు ఆడాయి. తర్వాత ఆగిపోయాయి.

చెన్నమ్మ అరవలేదు. చెయ్యి చాచి అట్లాగే కూర్చుండిపోయింది. అంకారావు వచ్చి ఏమైందని అడిగితే చెయ్యి చూపించింది. రెండు గంపల గుడ్లు తను ఇదే చేత్తో పిండింది. వాటిల్లో ఉన్నది కూడా ఇదే కదా, ఇంకా రూపం రాలేదు అంతే అన్న మాట ఆమెకు అప్పుడు తట్టింది. గోడవారకు పోయి వాంతి చేసుకుంది.

వెంకటప్పయ్యగారు వచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. ఆయన చేతిలో ఆ పిల్లను పెట్టింది. ఆయన పాము మీద చెయ్యి పడ్డవాడిలా విదిలించుకున్నారు. నేల మీద పడ్డదాన్ని చూసి ఆయన మొహం పాలిపోయింది. చెన్నకేశవుడి గుళ్లో ఏటా అన్నదానం చేసే మనిషి. కూర్మావతారం ఆ గుడి గోడ మీదే చెక్కి ఉంటుంది. తొట్టి దగ్గరకు పోయి చేతులు తోముకుని తోముకుని కడుక్కున్నారు.

"గంప తీసకపోయి నాగులేట్లో పారెయ్. ఈ సంగతి ఎవురితోనూ అనబాకండి," అని ఇంట్లోకి వెళ్లిపోయారు.

చెన్నమ్మ పారెయ్యలేదు. లోపల బతికే ఉన్నాయేమో అన్న అనుమానం ఆమెను వదల్లేదు. గంపను కొట్టం మూలకు జరిపి, మీద తడి గోనె కప్పి ఇంటికి వెళ్లింది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు తెల్లవారగట్ల కసువు ఊడవడానికి కొట్టం తలుపు తీస్తే గోనెపట్టా కదులుతోంది. ఎలుకలు దూరాయనుకుని చీపురు ఎత్తింది. పట్టా అంచు కిందనుంచి ఒక పిల్ల బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. గంపలో ఇసక ఉడుకుతున్నట్టు పొంగుతోంది, ఆ ఇసకలోంచి తలలు లేస్తున్నాయి. అప్పటికే కొన్ని గంప దిగి కొట్టమంతా పాకుతున్నాయి. తలుపు తెరిచినవైపు వెలుతురొచ్చేసరికి అన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. ఎడ్లు బెదిరి పలుపులు తెంపుకునేటట్టు వెనక్కి లాగాయి.

చెన్నమ్మ గుమ్మానికి అడ్డంగా కూలబడింది. అవి ఆమె పాదాల మీదకు ఎక్కుతున్నాయి, చీర కుచ్చెళ్లకు తగిలి వెనక్కి పడి మళ్లీ లేస్తున్నాయి. ఎక్కడికి పోవాలో వాటికి తెలిసినట్టే ఉంది. పోవలసిన చోటు మాత్రం అక్కడ లేదు. గుమ్మం అవతల పేడదిబ్బ, దాని అవతల మిరపచేను, ఆ తర్వాత అంతా పల్నాటి రాళ్ల నేల.

అంకారావు వచ్చాక ఇద్దరూ కలిసి వాటిని ఏరి మళ్లీ గంపలో వేశారు. ఎడ్ల గిట్టల కింద పడ్డవి కొన్ని అప్పటికే చచ్చిపోయాయి. ఏం చేద్దామనుకుంటున్నావని అంకారావు అడిగాడు.

"సముద్రానికి తీసకపోతా."

"సముద్రం ఎట్టుంటదో నీకు తెలుసా? మనమెప్పుడన్నా చూశామా?"

"ఫరీదుకు తెలుసుగా."

అంకారావు వద్దనే అన్నాడు. ఆడమనిషివి లారీ ఎక్కి పోతే ఊరు ఏమనుకుంటదన్నాడు. అయ్యకు తెలిస్తే ఇద్దరి పనీ ఊడుతుందన్నాడు. చెన్నమ్మ గోనె తడిపి గంపకు చుట్టి, నెత్తినెత్తుకుని రోడ్డు మీదకు నడిచింది. ఎదురు చూడగా చూడగా ఫరీద్ లారీ వచ్చింది. అతనికి గంప విప్పి చూపించింది. ఫరీద్ ఇంజన్ ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"నేను గుడ్లే అనుకున్నానక్కా. కోళ్లఫారం గుడ్ల మాదిరి అనుకున్నా. ఇట్టా అయితదని నాకు తెలవదు," అన్నాడు. కేబిన్లో తన పక్కనే చోటిచ్చాడు.

దారిలో నీళ్లున్న ప్రతిచోటా లారీ ఆపించి చెన్నమ్మ గోనె తడుపుకుంది. చిలకలూరిపేట దాటాక ఎండకు కొన్ని పిల్లలు కదలడం మానేశాయి. వాటిని వేరే తీసి కొంగులో మూటగట్టుకుంది గానీ పారెయ్యలేదు. ఫరీద్ చీరాలలో రాళ్లు దించకుండానే లారీని నేరుగా వాడరేవుకు పోనిచ్చాడు.

సరుగుడు తోట దాటగానే సముద్రం కనిపించింది. చెన్నమ్మకు ముందు ఆకాశం కిందికి దిగినట్టు తోచింది. అంత నీరు ఒక్కచోట ఉంటుందని ఎవరు చెప్పినా ఆమె నమ్మేది కాదు. గంప దించి, కాస్త కూర్చుందామని పక్కనే ఇసకలో కనిపించిన నాపరాతి పలక మీద చెయ్యి ఆనించింది. తన ఊరి రాళ్లు ఇక్కడి దాకా వచ్చాయే అనుకుంది. రాయి మెత్తగా కదిలింది.

చెయ్యి వెనక్కి లాక్కుని చూసింది. రాయి కాదు. చాటంత చిప్ప, పక్కన వాలిపోయిన మెడ, కాకులు పొడిచేసిన కళ్లు. ఆమె లేచి దూరం జరిగింది. కాస్త అవతల ఇంకోటి ఉంది. ఆ అవతల ఇంకోటి. ఒడ్డు పొడుగునా, చూపు ఆనినంత మేరా పలకలు పరిచినట్టు తాబేళ్లు చచ్చి పడి ఉన్నాయి. కొన్ని ఉబ్బి ఉన్నాయి. ఒకదాని కడుపు కుక్కలు చీల్చాయి, దాంట్లోంచి తెల్లటి గుడ్లు ఇసకలోకి దొర్లాయి. ఇన్నాళ్లూ తను ముంతలోకి పిండినలాంటి గుడ్లే.

ఫరీద్ కూడా వాటిని ఎన్నడూ చూసినవాడు కాదు. అతను చీరాలలో రాళ్లు దించి, బస్టాండు దగ్గర గంప తీసుకుని తిరిగి పోయేవాడు.

అక్కడ తనకు గుడ్లు అమ్మే పోలమ్మను అతను పిలుచుకొచ్చాడు. ఎండకు తోలు కమిలిన ముసలామె. గంపలో పిల్లలను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. ఏరేటప్పుడు, గుడ్లు పెట్టి చాలా రోజులైన పాత గుంత అని తెలియక తీశానంది. ఈ చచ్చినవాటిని ఎవరు చంపారని చెన్నమ్మ అడిగింది. ఎవరూ చంపలేదని, మునిగి చచ్చాయని పోలమ్మ చెప్పింది.

"నీళ్లల్లో బతికేది నీళ్లల్లో మునిగి చావటమేంది పెద్దమ్మా?"

"దానికీ ఊపిరి కావాలమ్మాయ్, మనకు మల్లేనే. గాలి పీల్చుకోటానికి పైకి రావాల. మరబోటు వల్లో పడిందంటే పైకెట్టా వస్తది? వల లాగేతలికి పీనుగే. రొయ్యలు ఏరుకుని దీన్ని నీళ్లల్లో తోసేస్తారు. గుడ్లు పెట్టటానికి ఒడ్డుకొచ్చే కాలం గదా, అన్నీ ఈడే తిరుగుతుంటయ్యి."

చెన్నమ్మ మనసులో ఒక్కొక్కటే లెక్క పెట్టుకుంది. ఒడ్డుకు రాబోయే తల్లిని వల చంపుతోంది. వచ్చి పెట్టిపోయినదాని గుడ్లను ఈ ముసలామె తవ్వుతోంది. ఫరీద్ మోస్తున్నాడు. తను పిండుతోంది. మధ్యలో కుక్కలు తప్పుచేసినట్టు కనపడలేదు ఆమెకు.

పొద్దు వాలాక, ఇసక చల్లబడ్డాక పిల్లలను వదలమని పోలమ్మే చెప్పింది. నీళ్లలో వెయ్యొద్దు, ఇసకలోనే వదులు, అవి నడిచిపోవాలి అంది. చెన్నమ్మ గంపను పక్కకు వంచింది. కొట్టంలో గుమ్మం వైపు తిరిగినట్టే అవి అన్నీ నీళ్ల వైపు తిరిగాయి. పీతలు రాకుండా చెన్నమ్మ ఒకపక్క, కాకులను తోలుతూ ఫరీద్ ఒకపక్క నడిచారు. మొదటి అల కొన్నింటిని వెనక్కి విసిరింది. రెండో అల అన్నింటినీ తీసుకుపోయింది. ఆమె ఇంకా అటే చూస్తుంటే పోలమ్మ భుజం తట్టింది. వాటిల్లో పెరిగి పెద్దయ్యేవి ఏ ఒకటో రెండో అని చెప్పింది. చెన్నమ్మ కొంగులో మూటగట్టినవాటిని ఇసకలో పూడ్చింది.

ఊళ్లో అనుకున్నట్టే అనుకున్నారు. వెంకటప్పయ్యగారు ఆమెను పని మానిపించలేదు గానీ నెలరోజులు మాట్లాడలేదు. చైత్రంలో మాచర్ల తిరునాళ్లలో ఆయన జత మూడో స్థానంలో నిలిచింది. చెన్నమ్మ ఆ పందెం చూడనే లేదు. పందెపు ఎడ్లు కట్టేసిన తోటలో జత జత దగ్గరకూ పోయి దాణా పెట్టేవాళ్లతో మాట్లాడింది. గుడ్డు చీలిస్తే ఏం పడిందో చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు పెద్దామె చెబుతోందని వినీ విననట్టు ఊరుకున్నారు. కంభంపాటివారి ఎడ్లను చూసుకునే మహబూబ్ అనే కుర్రాడు మాత్రం చేతిలో గొట్టం కింద పెట్టేసి, తను ఇంక పొయ్యనని వాళ్ల ఆసామితో చెబుతానన్నాడు. ఫరీద్ మళ్లీ గుడ్ల గంప లారీ ఎక్కించలేదు. అతను కాకపోతే ఇంకో లారీ ఉంటుందని చెన్నమ్మకు తెలుసు.

మరుసటి ఏడు చలికాలంలో ఆమె రేగుకంప కొట్టి మోపులు కట్టింది. ఫరీద్ లారీలో నాపరాళ్ల పైన ఆ మోపులేసుకుని వాడరేవుకు పోయింది. పల్నాటి చేలకు ఆ కంప కంచె వేస్తే పంది కూడా దూరదు. తాబేలు గుడ్లు పెట్టిన చోటు చుట్టూ అదే కంచె వేస్తానని పోలమ్మతో చెప్పింది. పోలమ్మ చాలాసేపు తిట్టింది. మా నోటికాడ కూడు నువ్వెవరివి తీయడానికి అంది. నక్కలు తినొచ్చు, కుక్కలు తినొచ్చు, మేం తింటే నీకు కంటగింపా అంది. చెన్నమ్మ ఆ ఇంటి ముందే కూర్చుని రెండు రోజులు ఆమెతో చేపలు ఎండబెట్టింది, వలలు విదిలించింది, ఉప్పు పట్టించింది. మూడోనాటికి పోలమ్మే లేచి గుంతలు ఎక్కడున్నాయో చూపించింది. అన్నీ చూపించలేదు. కొన్ని చూపించింది. పిల్లలు బయటికి పోవడానికి సముద్రం వైపు కంచెకు సందు వదలాలని కూడా ఆమే చెప్పింది.

ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ చెన్నమ్మ కొట్టంలో పని తెరిపి ఉన్న రోజుల్లో వచ్చి పోతుండేది. కంచెలు నిలిచాయి. వలలు ఆగలేదు. ఎన్నిసార్లు చూసినా ఒడ్డున వరసగా పడున్న ఆ చిప్పలు ఆమెకు పాతవి కాలేదు. ఒకసారి మరబోట్లవాళ్ల దగ్గరకు పోయి, ఒడ్డుకు దగ్గరగా వలెయ్యవద్దని అడిగింది. వాళ్లు ఎగతాళి చెయ్యలేదు. రొయ్యలు అక్కడే ఉంటాయమ్మా, మేమేం చెయ్యమంటావు అన్నారు.

మూడో ఏడు మాఘంలో ఒక తెల్లవారుజామున, ఇంకా మంచు కమ్ముకుని ఉండగా, పోలమ్మ ఒడ్డు నుంచి పరుగున వచ్చి, తన ఇంట్లో పడుకున్న చెన్నమ్మను లేపింది. రాత్రి రావలసిన తల్లి తాబేలు ఆలస్యంగా వచ్చి ఇంకా ఒడ్డునే ఉంది. బతికున్న పెద్ద తాబేలును చెన్నమ్మ చూడడం అదే మొదలు. దాని చిప్ప కుడి అంచు ఎప్పుడో ఏదో కొరికితే అర్ధచంద్రంలా ఊడిపోయి ఉంది. వెనక కాళ్లతో గుంత పూడ్చి, మీద ఒళ్లంతా వేసి నేలను చదును చేస్తోంది, ఇల్లు అలికే మనిషి లాగే. కళ్లలోంచి నీళ్లు జారుతున్నాయి. ఉప్పు బయటికి పోవడానికట, ఏడుపు కాదని పోలమ్మ చెప్పింది. చెన్నమ్మ దూరంగా గొంతుక్కూర్చుని చూసింది. అది ఆగి ఆగి, ఆయాసపడుతూ నీళ్లలోకి పోయింది.

నాలుగోనాడు ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటిల్లో అది ఉంది. అర్ధచంద్రపు అంచు చూసి చెన్నమ్మే గుర్తుపట్టింది. దాని పక్కన కూర్చుని లేవలేదు. ఎండెక్కింది. పోలమ్మ వచ్చి పిలిచినా లేవలేదు. ఇన్నేళ్లూ చచ్చినవాటిని చూసింది గానీ, నిన్న కాక మొన్న ఊపిరి తీస్తుండగా చూసినదాన్ని ఇట్లా చూస్తానని ఆమె అనుకోలేదు. చివరికి ఇద్దరూ కలిసి గొయ్యి తీసి దాన్ని పూడ్చారు.

ఆ తల్లి గుంత చుట్టూ కంప రెండు వరసలు వేసింది. పిల్లలు లేచేదాకా ఊరికి రానని ఫరీద్‌తో కబురు పెట్టింది. వారాలు గడిచాయి. వెంకటప్పయ్యగారి ఎడ్లకు దాణా పెట్టేవాళ్లు లేక అంకారావు ఒక్కడే అవస్థ పడ్డాడు. ఓపిక నశించి, పెళ్లాన్ని లాక్కెళ్దామని తనే లారీ ఎక్కి వచ్చాడు.

అతను వచ్చేసరికి పొద్దు గూకుతోంది. చెన్నమ్మ కంచె దగ్గర కూర్చుని ఉంది. ఒడ్డున పడున్న చిప్పల మధ్యగా నడిచి వచ్చిన అంకారావు నోట్లో, తిట్టడానికి తెచ్చుకున్న మాటలేవీ లేవు. ఏంది ఇయ్యన్నీ అని మాత్రం అడిగాడు. చెన్నమ్మ పక్కన కూర్చోమంది. ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడు జరగలేదు. అంకారావు తిరుగు ప్రయాణం మాటెత్తలేదు. మూడోనాడు సాయంత్రం గుంత మీద ఇసక కుంగింది. కాసేపటికి ఒక తల లేచింది, తర్వాత లెక్కలేనన్ని.

అంకారావు కంప ముల్లు గుచ్చుకుంటున్నా తెలియనట్టు వంగి చూశాడు. సముద్రం వైపు వదిలిన సందులోంచి అవి బారుకట్టి పోతుంటే, వెంట వెంట అల దాకా నడిచాడు. వెనక్కి వచ్చి చెన్నమ్మ పక్కన కూర్చున్నాడు.

"తల్లి లేదు గదే. ఇటు పోవాలని వీటికి ఎవురు చెప్పారు?"

"నాకేం తెలుసు మావా."

మర్నాడు పొద్దున ఫరీద్ లారీ వచ్చింది. బయలుదేరే ముందు అంకారావు కంచె కంపను జాగ్రత్తగా ఊడబీకాడు. పోలమ్మ ఆ ముందురోజే చూపించిన కొత్త గుంత దగ్గరకు దాన్ని మోసుకుపోయి, ముళ్లు బయటికి ఉండేటట్టు తనే పాతి వచ్చాడు.